బ్లీచింగ్ తిన్న జిప్పు

నాకు అనుమానం ఎక్కువని పెళ్ళయిన కొత్తలోనే మా ఆయన కనిపెట్టారు. పాలు పోయించుకున్నాక గిన్నె వంచి అడుగు చూస్తానని, గ్యాస్ బండ రాగానే సీలు పట్టుకుని తిప్పి చూస్తానని, ఆటో ఎక్కేముందు ఇద్దరిని వేరువేరుగా దారి అడుగుతానని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేవారు. నేనూ నవ్వేదాన్ని. అలవాటు మాత్రం మానలేదు. నేను చేసే పని కూడా ఆ గుణాన్ని పెంచిందే గానీ తగ్గించలేదు.

భీమవరంలో బస్టాండుకి వెళ్ళే రోడ్డు మీద మా ఇల్లు. ముందు అరుగు మీద మిషను వేసుకుని జిప్పులు బాగుచేస్తాను. బ్లౌజులు, లంగాలు నా పని కాదు. బైకు మీద వేసుకునే జర్కిన్లు, రెయిన్‌కోట్లు, రొయ్యల ఫ్యాక్టరీల్లో చలి గదుల్లో పనిచేసేవాళ్ళ మందపాటి కోట్లు నా దగ్గరికి వస్తాయి. తెచ్చిన ప్రతివాళ్ళదీ ఒకటే మాట. "ఊరికే ఊడిపోయిందండి." ఊరికే ఏ జిప్పూ ఊడదు. పోయిన ఏటి పొట్టకి కొన్న జర్కిన్‌లోకి ఈ ఏటి పొట్టని తోస్తే నడుమ దగ్గర విచ్చుకుంటుంది. కోపం మీద లాగితే రన్నరు, అంటే పళ్ళమీద పైకీ కిందకీ నడిచే ముక్క, ఒక పక్కకి ఒరుగుతుంది. ఇంట్లో ఏదో జరిగి విసురుగా విప్పిన కోటుకీ, పిల్లలు ఆడుకుని పాడుచేసిన కోటుకీ నాకు తేడా తెలిసిపోతుంది. అడగను. చూసి ఊరుకుంటాను.

నిజానికి చాలా జిప్పులకి కొత్తది వెయ్యక్కర్లేదు. పళ్ళు బాగానే ఉంటాయి, రన్నరు నోరు వదులవుతుంది. చిన్న పటకారుతో రెండు చెవులూ కొద్దికొద్దిగా నొక్కి, పళ్ళమీద కొవ్వొత్తి రుద్దితే మళ్ళీ రెండేళ్ళు నడుస్తుంది. మావాళ్ళు తలకీ తలుపు బందులకీ రాసినట్టే జిప్పుకి కూడా కొబ్బరినూనె రాసి తెస్తారు. దాంతో దుమ్మంతా పట్టి జిగురవుతుంది. వద్దని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది.

ఇంకొక నియమం ఉంది నాకు. ఎవరి కోటు జేబులోనూ చెయ్యి పెట్టను. ఒకసారి ఒకావిడ, భర్త జర్కిన్ తీసుకెళ్ళిన మర్నాడు వచ్చి, జేబులో ఉంగరం ఉండాలని అరుగు మీద నిలబడి వీధంతా వినపడేలా అంది. ఉంగరం వాళ్ళింట్లోనే దొరికిందని తర్వాత తెలిసింది. ఆ విషయం చెప్పడానికి మాత్రం ఆవిడ రాలేదు. అప్పట్నుంచి "జేబులు చూసుకుని ఇవ్వండి" అంటాను. అందరూ పైపైన తడిమి ఇచ్చేస్తారు. నన్ను అనుమానిస్తే ఎలా ఉంటుందో ఆ రోజు బాగా తెలిసింది. అయినా ఇతరులని అనుమానించడం మానాలని నాకు తట్టలేదు.

మా ఆయన రొయ్యల చెరువు చేసేవారు. ఊరికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, మురుగు కాలువ పక్కన రెండెకరాలు కౌలుకి తీసుకున్నారు. అంతకు ముందు వరసగా రెండు పంటలు పోయాయి. రెండోది పోయాక ఆయన ఒడిశాలో ఎవరివో చెరువుల మీద జీతానికి వెళ్ళి ఏడాదిన్నర ఉన్నారు. తిరిగొచ్చినప్పుడు చొక్కా భుజాల దగ్గర జారిపోతోంది. ఆ ఏడాదిన్నరా ఒక్కదాన్నే వండుకుని తిన్నాను. అన్నం మిగిలేది, అయినా కొలత తగ్గించబుద్ధి కాలేదు. వచ్చాక ఇద్దరం ఒక మాట అనుకున్నాం. ఇంకొక్క పంట వేద్దాం, నిలబడితే ఆయన ఇక్కడే ఉంటారు, పోతే మళ్ళీ ఒడిశా. కాబట్టి ఆ చెరువులో పెరుగుతున్నవి నాకు రొయ్యలు కాదు. మా ఆయన ఇంట్లో ఉండడమా, ఉండకపోవడమా అన్నది అందులో ఈదుతోంది.

చెరువు గట్టు మీదికి ఆడవాళ్ళు రాకూడదని అటువైపు రైతులకి పట్టింపు. మా ఆయనకి లేదు గానీ నలుగురితో గొడవెందుకని నన్ను తీసుకెళ్ళేవారు కాదు. నేను చూడనిది నమ్మేదాన్ని కాదుగా. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. రోజూ పదకొండింటికి ఫోను చేసి, "ఏరేటర్లు వినిపించండి" అనేదాన్ని. నీళ్ళని గిలకొట్టి రొయ్యకి గాలి అందించే యంత్రాలవి. ఆయన ఫోను అటు తిప్పేవారు. దబదబమని నీళ్ళు కొట్టుకునే చప్పుడు వినపడేది. ఏరేటరు తిరుగుతోందంటే కరెంటు ఉన్నట్టు, రొయ్య బతికి ఉన్నట్టు, ఆయన నిజంగా చెరువు దగ్గరే ఉన్నట్టు. మూడు అనుమానాలూ ఒక్క చప్పుడుతో తీరేవి.

చెరువులో రొయ్య పిల్ల వేసి రెండు నెలలు కావస్తుండగా, వానలు పట్టుకున్న రోజుల్లో, మా పక్క చెరువు రైతు ఒక ఉదయం రెయిన్‌కోటు తెచ్చారు. యాభై దాటిన మనిషి. వక్క నములుతూ నెమ్మదిగా మాట్లాడతారు. నేను అన్నయ్యగారూ అంటాను, ఆయన నన్ను అమ్మాయ్ అంటారు. ఆ కోటు నీలం రంగుది. ఆ ఏడాది మేత డీలరు తన రైతులందరికీ ఒకటే రకం, ఒకటే రంగు కోట్లు పంచిపెట్టాడు. మా ఇంట్లోనూ ఒకటి మేకుకి వేలాడుతోంది. ఆ కోట్లన్నిటికీ జిప్పు అడుగున కుట్టు బలహీనం. వచ్చిన కొత్తలోనే ఓ పాతికదాకా నా చేత్తోనే అడుగు కుట్లు వేసి పంపాను.

"జేబులు చూసుకున్నారా అన్నయ్యగారూ?"

ఆయన పైన రెండు జేబులూ తడిమి, "ఏం లేవమ్మాయ్" అన్నారు.

"ఏంటండి, ఎలా పట్టేసింది?"

"మొన్నటిదాకా వెన్నలా నడిచిందమ్మా. ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. చెరువు నీళ్ళేమో మరి."

ఆ ఉన్నట్టుండి అన్న మాట నాకు గుచ్చుకుంది. ఉప్పు నీళ్ళు జిప్పుని తింటాయి, కాదనను. కానీ నిదానంగా, ఒక పంటకాలమంతా తీసుకుని తింటాయి. రన్నరు మీద ముందు తెల్లటి పొడి కడుతుంది, తర్వాత గరుకు తేలుతుంది, ఆ తర్వాత గానీ పట్టెయ్యదు. ఈ రన్నరు మీద చిన్నచిన్న గుంటలు పడ్డాయి. పైపూత పొరలుగా లేచింది. జిప్పు పక్కన కుట్టిన నల్ల నూలు పట్టీ అక్కడక్కడ ఎర్రబారింది. గోటితో గీకితే దారం పొడిపొడిగా రాలింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. వాన వాసన, దాని అడుగున కుళాయి నీళ్ళలో అప్పుడప్పుడు వచ్చే ఆ ఘాటు.

బ్లీచింగ్ పౌడరు. అదీ చిటికెడు కాదు, బస్తాలకి బస్తాలు చల్లితే గాలికి లేచి మీద పడినంత.

చెరువు రైతు అంత బ్లీచింగ్ ఎందుకు చల్లుతాడో మావైపు పిల్లాడిని అడిగినా చెబుతాడు. వైట్ స్పాట్ వస్తే చల్లుతాడు. రొయ్య మీద తెల్లమచ్చలు లేచి, గట్టు వారకి వచ్చి చచ్చిపోయే వైరస్ అది. ఒక చెరువులో పుడితే నీళ్ళ వెంట, పీతల వెంట, కొంగల నోట పక్క చెరువులకి పాకుతుంది. చెరువుకి వచ్చిందని బయట పడితే నలుగురూ దూరం పెడతారని కొందరు చెప్పరు. గుట్టుచప్పుడు కాకుండా నీళ్ళు మురుగు కాలువలోకి వదిలేస్తారు. ఆ కాలువ నీళ్ళే కింది రైతు తోడుకుంటాడు. ఈ అన్నయ్యగారి గట్టుకీ మా గట్టుకీ మధ్య ఓ మనిషి నడిచేంత దారే ఉంది.

కోటు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను. పైకి మాత్రం, "రెండు రోజులు పడుతుందండి, జిప్పు మొత్తం మార్చాలి" అన్నాను. ఆయన సరేనమ్మా అని వెళ్ళిపోయారు. ఆయన బండి మలుపు తిరిగేదాకా చూశాను. ఎంత నెమ్మదస్తుడిలా నటిస్తున్నాడో అనుకున్నాను.

మధ్యాహ్నం మా ఆయన భోజనానికి రాగానే చెప్పాను.

"పక్క చెరువులో వైరస్ వచ్చిందండి. బ్లీచింగ్ కొట్టారు."

ఆయన కలుపుతున్న ముద్ద ఆపారు. "నీకెవరు చెప్పారు?"

"జిప్పు చెప్పింది."

"నీకు అన్నీ అనుమానాలే" అన్నారు. ఎప్పుడూ ఆ మాట నవ్వుతూ అంటారు. ఆ రోజు నవ్వలేదు. పెరుగు వేసుకోకుండానే లేచి చెయ్యి కడుక్కున్నారు. ఈయన మంచితనం మమ్మల్ని ముంచుతుందని తిట్టుకున్నాను. పక్కవాడిని ఒక్క మాట అనలేని మనిషి. ఆ పని నేనే చెయ్యాలనుకున్నాను.

సాయంత్రం అదే గట్టువైపు రైతు ఒకాయన జర్కిన్ తీసుకోవడానికి వచ్చారు. ఎవరితో అనకండి అని ముందే చెప్పి, విషయం చెప్పాను. కోటు కూడా తీసి చూపించాను. ఎర్రబారిన పట్టీ, గుంటలు పడ్డ రన్నరు. ఆయన మొహం పాలిపోయింది. ఎవరితో అనకండి అన్నప్పుడే నాకు తెలుసు, అంటారని. అనాలనే చెప్పాను. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

మర్నాటికల్లా గట్టు మొత్తం పాకింది. ఎవరో పక్క చెరువాయన దారికి అడ్డంగా సున్నం గీత గీశారట. పట్టుబడికి వల లాగే జట్టు ఆ వారమే ఆయన చెరువుకి రావాల్సింది. అక్కడికి వెళ్తే మా చెరువుల్లో అడుగు పెట్టనివ్వం అని మిగతావాళ్ళు అనడంతో జట్టు రానంది. చెరువులకి వెళ్ళే దారిలో ఒక టీ కొట్టు ఉంది. అక్కడ రైతులంతా కోట్లు విప్పి వరసగా మేకులకి తగిలించి టీ తాగుతారు. ఆయన వచ్చేసరికి గుమ్మంలో బ్లీచింగ్ నీళ్ళ బేసిన్ పెట్టారట. అందులో కాళ్ళు ముంచి రమ్మన్నారట. ఇదంతా నా దగ్గరికి వచ్చిన ఇంకో రైతు చెప్పాడు. వింటూ కొత్త జిప్పు కుడుతున్నాను. తగిన శాస్తి అనుకున్నాను.

ఆ రోజు కూడా పదకొండింటికి ఫోను చేశాను. దబదబమని ఏరేటరు వినిపించింది. మనది ఇంకా బాగానే ఉంది అని దణ్ణం పెట్టుకున్నాను.

మూడో రోజు ఉదయం పక్క చెరువాయన కోటు కోసం వచ్చారు. మొహం పీక్కుపోయింది. అరుగు మెట్టు మీదికి రాకుండా కిందే నిలబడ్డారు. బేసిన్ అలవాటయిందేమో.

"పైకి రావచ్చామ్మా?" అని అడిగారు.

రండి అన్నాను గానీ కుర్చీ చూపించలేదు.

"నా చెరువుకి వైరస్ అని ఎవరో పుట్టించారమ్మా. ముప్పై ఏళ్ళుగా ఆ గట్టు మీద తిరుగుతున్నాను. దాచేవాడినైతే అందరూ నన్ను వాళ్ళ చెరువులు చూసిపెట్టమని పిలుస్తారా?"

కోటు చేతికిచ్చి, "వేసుకుని చూడండి" అన్నాను. ఆయన వేసుకుని జిప్పు పైకి లాగారు. సాఫీగా నడిచింది. కోటు సర్దుకుంటూ గుండె దగ్గర తడిమారు. లోపల ఏదో గట్టిగా తగిలినట్టుంది. జిప్పు దించి, అస్తరు మడత కింద ఉన్న లోపలి జేబులోంచి ఒక చిన్న సంచి తీశారు.

"ఇదేంటమ్మాయ్? ఇది నాది కాదే."

బొటనవేలంత సంచి. బూడిద రంగు జర్కిన్ గుడ్డ, మీద ఎర్ర జిప్పు. ప్రపంచంలో అలాంటిది ఒక్కటే ఉంది. మిగిలిపోయిన ముక్కలతో నేనే కుట్టాను. మా ఆయన బీడీ మానేసినప్పుడు నోట్లో వేసుకోవడానికి లవంగాలు పోసి ఇచ్చాను. పెద్దాయన చేతిలోంచి తీసుకుని జిప్పు లాగాను. లవంగాలు ఉన్నాయి. బ్లీచింగ్ వాసన కూడా ఉంది.

లోపలికి వెళ్ళి మేకుకి వేలాడుతున్న మా కోటు తెచ్చాను. దాని జిప్పు మీద గీత కూడా పడలేదు. పై జేబు తిరగేసి దులిపితే వక్కపొడి పొట్లం చిరిగిన ముక్క రాలింది. టీ కొట్టు మేకుల దగ్గర ఎవరిది ఎవరు తగిలించుకున్నారో మా ఆయనా ఈయనా ఇద్దరూ చూసుకోలేదు. అన్నీ ఒకటే నీలం.

ఆయన రెండు కోట్లనీ, నన్నూ మార్చి మార్చి చూశారు. ఆయనకి అంతా అర్థమైంది. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అందుకేనన్నమాట, మీ ఆయన తూము మూసేసి అంత మట్టి పోశాడు" అన్నారు. "నీళ్ళు వదల్లేదమ్మా. వదిలుంటే నాదీ పోయేది."

వేసుకున్న కోటు విప్పి అరుగు మీద పెట్టి, తన కోటు భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

మా ఆయన భోజనానికి వచ్చేసరికి కంచం ముందు ఆ సంచి పెట్టాను. ఆయన కూర్చోలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డారు.

"ఎన్ని రోజులైందండి?"

"పద్దెనిమిది."

"చెప్పలేదేం?"

"పట్టినా కొనేవాడు లేడు, రొయ్య అంత చిన్నది. బ్లీచింగ్ కొట్టేశాను. చెబితే ఆ రోజు నుంచే నువ్వు నా పెట్టె సర్దడం మొదలుపెడతావు. ఇంకో నాలుగు రోజులు ఇంట్లో తిందామనిపించింది."

నాకు ఏడుపొచ్చింది. దానికంటే ముందు కోపం వచ్చింది. "ఆ పెద్దాయన్ని అందరూ అంతలేసి మాటలంటుంటే ఎలా ఊరుకున్నారు?"

ఆయన తల దించుకున్నారు. "రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను" అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. "మరి రోజూ నాకు వినిపించిన ఏరేటరు?"

"ఒక్కటి తిప్పుతున్నాను."

"ఏమీ లేని నీళ్ళలోనా? దేనికి?"

"పదకొండింటికి నువ్వు వింటావని."

ఊళ్ళో ప్రతి మనిషి జిప్పునీ పట్టిపట్టి చూసినదాన్ని, మా మేకుకి వేలాడుతున్న కోటు ఒక్కసారి కిందికి దించి చూడలేదు. నేను మా ఆయన్ని నమ్మానని కూడా చెప్పుకోలేను. నమ్మితే ఆ చప్పుడు ఎందుకు వినిపించమంటాను?

ఆ మధ్యాహ్నమే మా ఆయన బండి వెనక కూర్చుని టీ కొట్టుకి వెళ్ళాను. ఆడవాళ్ళు రాకూడదని ఎవరూ అనలేదు, నా మొహం చూసి ఉంటారు. అక్కడ ఉన్నవాళ్ళందరి ముందూ చెప్పాను. "వైరస్ వచ్చింది మా చెరువుకండి. పక్కాయనది కాదు. కోటు చూసి పుకారు పుట్టించింది నేను. ఆ కోటు మాదే." మా ఆయన నా పక్కన నిలబడి, "నిజమేనండి. దాచింది నేను" అన్నారు. కొట్టు ఆవిడ బేసిన్ తీసి పక్కన పారబోసింది. రెండు రోజుల్లో వల జట్టు ఆ పెద్దాయన చెరువుకి వెళ్ళింది. పంట దక్కింది. అది మాత్రం దేవుడి దయ, నా గొప్ప కాదు.

నెల తిరక్కుండానే మా ఆయన ఒడిశా వెళ్ళిపోయారు. పెట్టె నేనే సర్దాను. లవంగాల సంచి ఉతికి, ఆరబెట్టి, కొత్తవి పోసి పెట్టాను.

ఆ పెద్దాయన నా దగ్గరికి రావడం మానేస్తారనుకున్నాను. మానలేదు. ఈ ఏడు వానలకి ముందు తన నీలం కోటు తెచ్చారు, రన్నరు వదులైందని. నేను అడగకముందే అరుగు మీద నిలబడి పై జేబులు రెండూ బయటికి తిరగేశారు. అస్తరు ఎత్తి లోపలి జేబు కూడా తిరగేశారు. కోటు కాలరు పట్టుకుని నా కళ్ళముందు ఒకసారి దులిపారు.

"చూశావుగా అమ్మాయ్?" అని అడిగారు. "ఏమీ లేదు."

చూశానండి అన్నాను. కోటు ఒళ్ళో పెట్టుకుని పటకారు అందుకున్నాను.

పదకొండింటికి ఒడిశా నుంచి ఫోను వస్తుంది. ఇప్పుడు నేను ఏరేటరు వినిపించమని అడగను. అడక్కపోయినా ఆయన ఫోను అటు తిప్పి పట్టుకుంటారు. చప్పుడు ఆగేదాకా వింటాను. తర్వాత, "అన్నం తిన్నారా?" అని అడుగుతాను. తిన్నానంటారు. అది నిజమో కాదో తెలుసుకునే ఉపాయం నా దగ్గర ఏదీ లేదు.